కలివికోడిని వెదకిన కథ



మన దేశమున యాత్ర యన్న మాటకు చిరకాలముగా ఒక యర్థము స్థిరపడి యున్నది. కాశికి పోవుట, తిరుపతికి పోవుట, పుష్కరమునకు గోదావరికి పోవుట, ఇవి యాత్రలు. చుట్టములను చూడబోవుట ప్రయాణము. సంతకు పోవుట పని. ఈ మూటిలో దేనికిని చెందని బాటసారులు కొందరు కలరు. వారు వందల మైళ్లు రైళ్లలో వత్తురు. బండ్లు మాఱి పల్లెలకు చేరుదురు. ముండ్లపొదల నడుమ చీకటిలో నిలువబడి గంటలకొలది చెవియొగ్గి యుందురు. వారికి కావలసినది ఒక పిట్టను చూచుట. కంటబడినచో ధన్యులమైతిమని తలంతురు. కంటబడనిచో మరుసటి యేడు మరల వత్తురు.

"వీరికి ఇంటివద్ద పనిలేదు కాబోలు" నని ఊరివారు నవ్వుకొనుట సహజమే. కాని ఆ నవ్వు ముగిసిన పిదప ఒక్కమారు ఆలోచింపవలెను. వారు వెదకుచున్న పిట్ట మన పొలిమేరలోనిది. దానికి పేరు పెట్టినది మన భాష. ప్రపంచమున మఱియే దేశమునను అది లేదు. అట్టి పిట్ట యొకటి తెలుగునేల మీద ఉండి, పండితుల పుస్తకములనుండి 86 సంవత్సరములు మాయమై, ఒక వేటగాని చేతిదీపపు వెలుగులో మరల కనబడిన చరిత్రను ఈనాడు మీకు మనవి చేయదలచితిని. దాని పేరు కలివికోడి.

మొదట పేరును గూర్చి రెండు మాటలు చెప్పెదను. కలివి యనునది మెట్టభూములలో పెరుగు ముండ్లపొద. తెల్లని చిన్నపూవులు పూయును. పండ్లు నల్లబడిన తరువాత పసులకాపరి పిల్లలు కోసికొని తిందురు. ఆ పొదల నడుమ తిరుగునది కావున కలివికోడి. ఇక 'కోడి' యనుటచే ఇది మన పెరటికోడికి చుట్టమనుకొనరాదు. నేలమీద నడచుచు మేత యేరుకొను పక్షిని కోడి యనుట మనవారి వాడుక. నీటికోడి యనుమాట యట్టిదే. పాతకాలపు ఆంగ్లగ్రంథములలో ఈ పక్షికి మఱియొక తెలుగు పేరు కనబడుచున్నది. ఆ దొరల వ్రాతలో అక్షరములు కొంత వంకరపోయినవి కాని, సరిచేసి చదివినచో అది "అడవి ఉత్తతిత్తి" యగును. తిత్తి యనగా సంచి. ఉత్తతిత్తి యనగా లోపల ఏమియు లేని సంచి. ఇట్టి పేరు నిఘంటువు ముందు పెట్టుకొని కూర్చున్నవానికి తోచదు. నిత్యము అడవిలో తిరుగువానికే తోచును.

నేను చిన్ననాట అమరకోశమును వల్లెవేసినవాడను. అందు సింహాదివర్గమున పక్షుల పేర్లు వరుసగా వచ్చును. హంస, చకోరము, చాతకము మొదలగువాని పర్యాయపదములన్నియు మాకు నోటికి వచ్చెడివి. గురువుగారు అడిగినచో తడుముకొనక చెప్పెడివారము. కాని ఆ పాఠశాల వెనుకనున్న చెఱువుగట్టున కూసిన పక్షి పేరేమని అడిగినచో, చెప్పగలిగినవాడు గొఱ్ఱెలకాపరియే. విద్య రెండు పాయలుగా ప్రవహించుచుండెను. ఒక పాయ తాటియాకులలోను అచ్చుపుస్తకములలోను సాగినది. రెండవది కాపరుల నోట, వేటగాండ్ర నోట సాగినది. ఈ రెండు పాయలు కలిసినచోటనే కలివికోడి దొరకినది. ఇదియే నా ప్రసంగమునకు సారము. ఇక చరిత్రలోనికి వత్తము.

పందొమ్మిదవ శతాబ్దమున మద్రాసు రాజధానిలో తూర్పుఇండియా కంపెనీవారి కొలువున థామస్ జెర్డను అను వైద్యుడుండెను. వైద్యము అతని ఉద్యోగము. జీవజాతులను పరిశీలించుట అతని వ్యసనము. దండువెంట ఊరూరు తిరుగుచు, నెల్లూరున సివిలుసర్జనుగా ఉన్న కాలమున చుట్టుప్రక్కల అడవులు గాలించుచు, పక్షులను, పాములను, చీమలను సైతము వదలక వ్రాసికొనెను. 1862 మొదలు 1864 వరకు అతడు ప్రకటించిన భారతదేశపు పక్షుల గ్రంథము తరువాతి వారికందరికిని మూలగ్రంథమైనది. తూర్పుకనుమల ప్రక్కనున్న నెల్లూరు, కడప ప్రాంతముల మెట్టయడవిలో ఈ పక్షిని కనిపెట్టి లోకమునకు తెలిపినవాడు ఇతడే. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వస్తుశాలను చూచుచుండిన ఎడ్వర్డు బ్లైత్ అను పండితుడు 1848 లో దానికి శాస్త్రీయమైన పేరు పెట్టెను. ఆ లాటిను నామమునకు రెండు కంఠపట్టెలు గలది యని భావము. ఆంగ్లేయులు మాత్రము కనిపెట్టినవాని పేరుననే జెర్డను కోర్సరు అని పిలిచిరి.

ఆ కంఠపట్టెల సంగతి చెప్పవలెను. కలివికోడి సుమారు 27 సెంటీమీటర్ల పొడవుగల పక్షి. పైభాగము ఎండిన మట్టిరంగు. రొమ్ముమీద రెండు గోధుమవన్నె పట్టెలు అడ్డముగా ఉండును. వాని నడుమ తెల్లని చార. కనుబొమ్మవలె కంటిమీద వెడల్పైన తెల్లగీత. గొంతుక్రింద ఎఱ్ఱమట్టివన్నె మచ్చ. కాళ్లు పొడవు. కన్నులు మాత్రము దాని తలకు మించిన పెద్దవి. ఆ కన్నుల సంగతి మఱువకుడు. చరిత్రయంతయు వానిలోనే దాగియున్నది.

జెర్డను తరువాత విలియం బ్లాన్‌ఫర్డు అను భూగర్భశాస్త్రజ్ఞుడు గోదావరీతీరమున భద్రాచలము, సిరోంచ ప్రాంతములలో రాళ్లను పరీక్షించుచు తిరిగెను. 1867 మొదలు 1871 వరకు గల కాలమున అతడును ఈ పక్షిని చూచినట్లు వ్రాసెను. పిమ్మట 1900 లో అనంతపురము దగ్గర హోవర్డు క్యాంబెల్ అను క్రైస్తవ మతబోధకుడు చూచెను. అంతే. ఆ తరువాత పుస్తకములు మౌనము వహించినవి. ఒక యేడు గడచెను, పదియేండ్లు గడచెను, అర్ధశతాబ్దము గడచెను. ఇది నశించిపోయినదని పెక్కుమంది పక్షిశాస్త్రజ్ఞులు నిశ్చయించుకొనిరి.

వెదకకయే అట్లు నిశ్చయించినారని యనుకొనవలదు. మన దేశపు పక్షిశాస్త్రమునకు పెద్దదిక్కైన సాలిం ఆలీ 1931-32 లో నైజాం రాష్ట్రమునందలి పక్షులను పరిశీలించుచు ఊరూరు తిరిగెను. ఎన్నియో పక్షులను గుర్తించి వ్రాసెను. ఈ ఒక్కటి మాత్రము దొరకలేదు. తరువాతి దశాబ్దములలోను పక్షిప్రియులు వచ్చి వెదకిరి. జెర్డను చెప్పిన చోట్లకును, బ్లాన్‌ఫర్డు చెప్పిన చోట్లకును పోయిరి. వట్టిచేతులతో మరలిపోయిరి.

వారి పద్ధతి యేమన, తెల్లవాఱుజామున లేచి, దూరదర్శినులు మెడలో వ్రేలాడవేసికొని, ప్రొద్దెక్కువఱకు పొదలన్నియు గాలించి, ఎండ ముదిరిన పిమ్మట బసకు చేరుట. పక్షులను చూచుటకు ఉదయమే మేలని లోకమంతయు ఎఱిగినదే గదా! కాని ఈ పక్షి ఆ లోకజ్ఞానమునకు లోబడినది కాదు. ఇది పగలెల్ల పొదనీడలో కదలక మెదలక కూర్చుండును. మట్టిరంగు ఒడలు మట్టిలో కలసిపోవును. ప్రొద్దుగ్రుంకి చీకటిపడిన తరువాత మేతకు బయలుదేరును. అందులకే భగవంతుడు దానికి అంత పెద్దకన్నులిచ్చెను. ఎనుబదియాఱేండ్లు పండితులు పగలు వెదకిరి. పిట్ట రాత్రి తిరిగెను. వారి దారులు కలిసికొనలేదు.

1883 లో స్థాపింపబడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ అను సంఘము పట్టువిడువలేదు. 1980 తరువాత ఆ సంఘము మరల అన్వేషణమునకు పూనుకొనెను. ఆ పని పైబడినవాడు భరత్‌భూషణ్ అను యువకుడు. ఆయన పుస్తకములు చూచినదిగాక, మనుష్యులను అడుగుట కారంభించెను. పక్షి బొమ్మను చేతబట్టుకొని కడప జిల్లా పల్లెలలో కాపరులకును, పిట్టలుపట్టి బ్రదుకువారికిని చూపెను. "ఇట్టి పిట్టను చూచితిరా?" యని అడిగెను. చూచితిమనువారు దొరకిరి. "ఇది కలివికోడి గదా! రాత్రిపూట తిరుగును గదా!" యనిరి. ప్రపంచపు శాస్త్రజ్ఞులకు నశించిన పక్షి, లంకమల క్రింది పల్లెలవారికి నిన్నమొన్న చూచిన పక్షి.

ఆ ఎఱిగినవారిలో ఐతన్న యనునతడు ఒకడు. అడవిపక్షులను పట్టుటలో చేయితిరిగినవాడు. 1986 జనవరిలో ఒకనాటి రాత్రి రెడ్డిపల్లి దగ్గరి పొదయడవిలో అతని టార్చిలైటు వెలుగున ఒక పక్షి నిలువబడెను. వెలుగునకు దాని పెద్దకన్నులు చెదరగా అది కదలలేక నిలిచెను. అతడు పట్టి తెచ్చి చూపెను. రొమ్మున రెండు పట్టెలున్నవి. కంటిపై తెల్లగీత యున్నది. 1848 లో పేరు పెట్టబడి, 1900 తరువాత ఎవ్వరికిని కనబడని కలివికోడి ప్రాణముతో ఎదుట నున్నది. ఈ వార్త దేశదేశములకు ప్రాకెను.

ఇందు దుఃఖింపదగిన విషయము ఒకటి కలదు. ఆ పట్టుబడిన పక్షి ఎక్కువకాలము బ్రతుకలేదు. దాని దేహము మాత్రము బొంబాయి సంఘమువారి వద్ద భద్రపరుపబడినది. నశించినదనుకొన్నది దొరకుట, దొరకినది చేతిలో చచ్చుట, రెండును వెంటవెంట జరిగినవి. దీనినుండి తరువాతివారు ఒక నియమము నేర్చుకొనిరి. ఈ పక్షిని చేతితో ముట్టరాదు. అది యున్నచోటనే, దానికి తెలియకుండ, దాని జాడలను బట్టియే దానిని తెలిసికొనవలెను.

పెద్దలు ఒక్కమాట అడుగవచ్చును. "ఐతన్న దానిని కనిపెట్టెనా, లేక భరత్‌భూషణ్ కనిపెట్టెనా?" యని. నా మనవి యేమన, ఐతన్న వంటివారికి అది ఎన్నడును పోలేదు కావున వారు కనిపెట్టవలసిన పనిలేదు. భరత్‌భూషణ్‌గారు కనిపెట్టినది, ఎవరిని అడుగవలెనో ఆ మనుష్యులను. శాస్త్రమునకు కావలసిన బొమ్మ ఒకరివద్ద, అడవికి కావలసిన అనుభవము మఱియొకరివద్ద ఉండెను. ఏ ఒక్కరు లేకున్నను ఆ రాత్రి ఆ పక్షి చరిత్రలోనికి వచ్చెడిది కాదు. చదువుకొన్నవాడు చదువుకొననివానిని వినయముతో అడుగుట యనునది చిన్నపని కాదు. నలువదియేండ్లకు మించి బడిలో అడుగుచు వచ్చినవాడను కావున, ప్రశ్న ఎంత కష్టమైనదో నాకు తెలియును. జవాబు తెలిసినవానినే అడుగుట మా ఉపాధ్యాయుల అలవాటు. జవాబు తెలియక అడుగునదే నిజమైన ప్రశ్న.

ఆ వార్త వచ్చిన పిదప ప్రభుత్వము మేలుకొనెను. పెన్నానదికి ప్రక్కనున్న లంకమల కొండలను, వాని క్రింది పొదయడవులను కలిపి 1988 లో శ్రీలంకమల్లేశ్వర వన్యప్రాణి సంరక్షణకేంద్రముగా నిర్ణయించిరి. దాని విస్తీర్ణము సుమారు 464 చదరపు కిలోమీటర్లు. అక్కడి శివుని పేరే దానికి పెట్టబడినది. ఆ 1988 లోనే భారత తపాలాశాఖవారు ఈ పక్షి బొమ్మతో బిళ్లను విడుదల చేసిరి. ఎనుబదియాఱేండ్లు అడ్రసు లేని పక్షి ఉత్తరముల మీద ఊరూరు తిరిగెనన్న మాట!

తరువాత దీనిని నిదానముగా పరిశీలించినవారిలో జగన్నాథన్ అను శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. బొంబాయి సంఘమువారును, ఇంగ్లండులోని పక్షిసంరక్షణసంఘమువారును ఈ పనిలో తోడైరి. వారి ఉపాయము మన కాపరులకు నవ్వు తెప్పించును గాని, చక్కనిది. పొదల నడుమ అక్కడక్కడ నేలను చదునుచేసి, మెత్తని మట్టిని పలుచగా పఱతురు. రాత్రి ఏ పక్షి నడచినను తెల్లవాఱునప్పటికి అడుగుజాడ మట్టిలో పడియుండును. కలివికోడికి ముందువైపు మూడు వ్రేళ్లే కలవు, వెనుకవ్రేలు లేదు. ఆ ముద్రను కొలిచి ఇది అదియే యని గుర్తింతురు. దొంగ జాడ తీయుటకు మన పల్లెలలో పూర్వము అడుగులు చూచెడివారు గదా, అదే విద్య! దీనికి తోడు, ఏదేని కదలినచో తనంతట తానే బొమ్మ తీసికొను కెమేరాలను చెట్ల మొదళ్లకు కట్టిరి. దాని కూతను కూడ మొదటిసారిగా యంత్రమున పట్టిరి. సూర్యుడస్తమించిన ముక్కాలుగంట మొదలు గంట దాటువరకు, ఆ కొంచెము సేపే అది ఎక్కువగా కూయునట. రెండేసి స్వరములుగా, మరల మరల, విని మఱచిపోవుటకు వీలులేని కూత యని చెప్పుదురు.

ఈ పరిశీలనలలో తేలిన సంగతి యొకటి గ్రామపెద్దలు ప్రత్యేకముగా వినదగినది. కలివికోడికి దట్టమైన కాఱడవి పనికిరాదు, బోడినేలయు పనికిరాదు. హెక్టారునకు 300 మొదలు 700 వరకు పెద్దపొదలు ఉండి, నడుమ నడుమ ఖాళీనేల కనబడు చోట అది ఎక్కువగా తిరుగునని లెక్కించిరి. అనగా మనము బీడు అనియు, బంజరు అనియు, పనికిమాలిన కంపయనియు ఏ నేలను తీసివేయుచున్నామో, ఆ నేలయే దానికి వైకుంఠము. మేకలు, గొఱ్ఱెలు కొంతవఱకు మేసినచోట పొదలు మితముగా ఉండును. అది దానికి అనుకూలమే. కట్టెలకై పొదలు మొదలంట నరకినచోట దానికి నీడ పోవును. మేత యొక్కటియు లేక పొదలు గోడవలె అల్లుకొన్నచోట దానికి నడక సాగదు. మనుష్యుడు పూర్తిగా తొలగిపోవుటయు, పూర్తిగా ఆక్రమించుటయు, రెండును దానికి చెఱుపే. మితమే దానికి ప్రాణము.

ఇక ఒక చిక్కు వచ్చిపడెను. కృష్ణాజలములను శ్రీశైలమునుండి రాయలసీమ మీదుగా మద్రాసునగరమునకు చేర్చు తెలుగుగంగ కాలువను మీరెఱుగుదురు. 1983 లో ఒడంబడిక జరిగి ప్రారంభింపబడిన పని. నీటికై వాచిన సీమలో కాలువ వచ్చునన్న మాట ఎంత తీయనిదో నేను చెప్పనక్కఱలేదు. కాని 2005 ప్రాంతమున ఆ కాలువ త్రవ్వకము కలివికోడి తిరుగు పొదలలోనికి వచ్చెను. యంత్రములు పొదలను పెకలించివేసెను. పక్షిశాస్త్రజ్ఞులు ఆక్షేపణ తెలిపిరి. వ్యవహారము సుప్రీంకోర్టు నియమించిన సంఘము వఱకు పోయెను. తుదకు కాలువదారిని మార్చుట జరిగినది.

ఒక పిట్టకొఱకు కాలువను త్రిప్పవలెనా యని అడిగినవారు ఆనాడు లేకపోలేదు. ఆ ప్రశ్న తప్పు కాదు. దప్పిగొన్న రైతు అడుగదగిన ప్రశ్నయే. నా సమాధానము వినుడు. కాలువ రెండుమైళ్లు ఇటు జరిగినను నీరు పల్లమునకు పాఱును, పొలము తడియును. పక్షి మాత్రము రెండుమైళ్లు అటు జరుగలేదు. దానికి వేఱు నేల లేదు. రెండవ దారి గలవాడు దారియిచ్చుట, ఒక్కదారియే గలవానిని పోనిచ్చుట న్యాయము. ఇరుకుసందున బరువు మోయుచు వచ్చువానికి వట్టిచేతులవాడు తొలగుట మన పల్లెమర్యాద గదా! దానిని పిట్టకును చూపుటయే ఇందు జరిగినది.

ఇంత జరిగినను మనము నిశ్చింతగా ఉండుటకు వీలులేదు. ఈ పక్షులు మొత్తము 50 నుండి 249 వఱకు మాత్రమే యుండవచ్చునని అంచనా వేసిరి. 2009 ప్రాంతమునుండి చాల సంవత్సరములు దీని జాడ నిశ్చయముగా తెలియలేదు. మరల నశించినదేమో యను భయము పుట్టినది. 2025 ఆగస్టులో కొందరు పక్షిప్రియులు రాత్రివేళ దీని కూతను విని, యంత్రమున ముద్రించితిమని ప్రకటించిరి. చీకటిలో రెండు స్వరములు వినుట కొఱకు వారు ఎంత దూరము వచ్చిరో, ఎన్ని రాత్రులు మేలుకొనిరో! యాత్రయన నిదియును యాత్రయే గదా యని నాకు తోచినది.

పుస్తకముల మౌనమును నమ్మరాదనుటకు మఱియొక దృష్టాంతము కలదు. స్కాట్లండు దేశమున అబర్డీన్ విశ్వవిద్యాలయపు వస్తుశాలలో ఒక గ్రుడ్డు ఎన్నియో ఏండ్లు పెట్టెలో పడియుండెను. దానిని పరీక్షించి, పాత పక్షిదేహములతో పోల్చి, అది కలివికోడి గ్రుడ్డేయని 2013 లో నిర్ణయించిరి. ప్రపంచమున తెలిసిన కలివికోడి గ్రుడ్డు అదియే. అది ఎక్కడిదని విచారింపగా, 1917 లో కోలారు బంగారుగనుల ప్రాంతమున ఒక పశువైద్యుడు సేకరించినదని తేలెను. తెలుగువారు పెక్కుమంది కాపురముండు సీమయే అది. 1900 తరువాత లేదని పుస్తకములు చెప్పుచున్న కాలముననే, కోలారు ప్రక్కన ఆ పక్షి గూడుపెట్టి గ్రుడ్డు పెట్టుచుండెను. ఇపుడు అక్కడ దానిని ఎఱిగిన ముసలివారు ఎవరైన మిగిలి యుందురా? వారిని ఎవరైన అడిగిరా? ఈ ప్రశ్న నన్ను వదలుట లేదు.

మన గ్రామములకు పక్షులను కాపాడు విద్య క్రొత్తది కాదు. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును, ఎఱ్ఱకాళ్లకొంగలును వచ్చును. పూర్వపు అనంతపురము జిల్లాలోని వీరాపురమున ఊరినడుమ చింతచెట్లమీద కొంగలు గూళ్లు కట్టును. ఆ యూళ్లవారు వానిని ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్లు భావించి, పిల్లలు రాయి విసరినను మందలింతురు. వానలు, పంటలు వానితో వచ్చునని వారి నమ్మకము. కాని ఆ పక్షులు పెద్దవి, పగటిపూట కనబడునవి, గుంపులుగా వచ్చునవి. వానిని కాపాడుట సులభమని అనను గాని, వానిని ఎఱుగుట సులభము. కలివికోడి ఒంటరిది, చిన్నది, చీకటిలోనిది. దానికి నమ్మకముల కవచము లేదు. దానిని ఎఱిగినవారు కొద్దిమంది, వారును పేదలు, వారి మాటకు సభలో విలువలేదు. అందుచేత ఆ తెలివి వారితోనే కాటికి పోవుచున్నది. పక్షి నశించుటకు ముందు దాని పేరు నశించును. పేరు నశించిన పిదప, పక్షి నశించినను అడుగువాడుండడు.

ఇపుడు పక్షులను చూడవచ్చు యాత్రికులకును, వారికి దారిచూపు మన గ్రామస్థులకును ఒక్కొక్క మాట చెప్పి ముగించెదను. యాత్రికులారా! దేవాలయమున గర్భగుడికి బయట నిలిచి దర్శనము చేయుదుము గదా, అట్లే చేయుడు. దీపములతో దానిని వెంటాడకుడు. యంత్రమునుండి దాని కూతను మాటిమాటికి వినిపించి, తోడు వచ్చినదని దానిని భ్రమపెట్టకుడు. చూచిన చోటును సంతలో చాటకుడు. సాటి పక్షిప్రియునికంటె ముందు అటవీశాఖవారికి తెలుపుడు. గ్రామస్థులారా! పిట్టలకు వలపన్నుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముచే నేరము. ఈ పక్షి విషయమున మఱింత కఠినము. శిక్షకు వెఱచి మాత్రమే కాదు, ప్రపంచమున మఱియెక్కడను లేని ఆస్తి మీ పొలిమేరలో ఉన్నదన్న గౌరవముచే దానిని కాపాడుడు.

పెద్దలకు నా ప్రత్యేకమైన మనవి యొకటి కలదు. మీ ఊరి మెట్టమీది కంపను తీసివేయుటకు తీర్మానము వచ్చినపుడు, సంతకము చేయుటకు ముందు ఆ మెట్టమీద రాత్రులు తిరుగువారిని పిలిపించుడు. గొఱ్ఱెలకాపరిని, యానాదిని, చెంచును, పిట్టలు పట్టుట మానుకొన్న ముసలివానిని పిలిచి కూర్చుండబెట్టుడు. "అక్కడ ఏమేమి తిరుగును? ఏమేమి కూయును? వాని పేర్లేమి?" యని అడుగుడు. వారు చెప్పినది బడిపిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. ఆ పేర్లలో కొన్ని ఏ నిఘంటువునందును లేకపోవచ్చును. వానిలో ఏ పేరు వెనుక ఏ పక్షి యున్నదో, మన పండితులకును తెలియకపోవచ్చును. జెర్డను నూటడెబ్బదియేండ్లక్రిందట చేసిన పనియు, 1986 లో కడప జిల్లాలో జరిగిన పనియు ఇంతకంటె వేఱు కాదు. తెలిసినవానిని అడిగిరి, విన్నది వ్రాసికొనిరి.

ఎనుబదియాఱేండ్లు లేదనుకొన్నది ఉండెను. ఉన్నదనుకొన్నది లేకుండ పోకుండ చూచుట ఇక మన వంతు.

సెలవు.